ఆముదం చుక్క

రాగిసంగటి తింటూ పన్ను విరగ్గొట్టుకున్నాను. సంగటిని నమలాల్సిన పని లేదని మా చిత్తూరు జిల్లాలో చంటిపిల్లకు కూడా తెలుసు. ముద్ద చేయాలి, పులుసులో అద్దాలి, మింగాలి. అంతమాత్రానికే నా కుడిదవడ పన్ను పెళుక్కున విరిగి కంచంలో పడింది.

తిరుపతిలో పళ్ల డాక్టరు నోరు తెరిపించి టార్చిలైటు వేసి చాలాసేపు చూశాడు. "నిద్రలో పళ్లు కొరుకుతున్నారమ్మా. ఇప్పటి సంగతి కాదు, ఏళ్ల తరబడి కొరుకుతున్నారు. అన్నీ అరిగిపోయాయి" అన్నాడు. ఎవరిమీదైనా కోపముందా అని అడిగాడు. నాకు నవ్వొచ్చింది. నాకు కోపమేమిటి? నేను బస్సు కండక్టరుని. తిరుపతి నుంచి చిత్తూరుకు, చిత్తూరు నుంచి తిరుపతికి, రోజూ అదే దారి. సీటు దగ్గర జుట్లు పట్టుకునేవాళ్లను కూడా గొంతెత్తకుండా కూర్చోబెట్టగలనని డిపోలో నాకు పేరు. పక్క బస్సులో గొడవైతే నన్ను పిలుచుకుపోతారు. "ఆ యమ్మకు కోపం రాదప్పా" అంటారు. అది బిరుదు అనుకుని ఇన్నేళ్లు మెడలో వేసుకుని తిరిగాను.

ఈ మాట మా ఆయనకు చెబితే ఆయన అసలు ఆశ్చర్యపోలేదు. "నువ్వు నిద్రలో పళ్లు నూరతా ఉంటే నాకు భయమేసి గోడ పక్కకు తిరిగి పడుకుంటాను" అన్నాడు. ఇంతకాలం ఎందుకు చెప్పలేదయ్యా అంటే, "నీకు కోపం రాదు కదా, ఇంకేదో అనుకున్నా" అన్నాడు.

డాక్టరు పళ్లకు తొడుక్కోవడానికి ప్లాస్టిక్ కవచం ఒకటి ఇచ్చాడు. దాంతోపాటు, మనసు డాక్టరు దగ్గరికి కూడా వెళ్లమన్నాడు. బైరాగిపట్టెడలో ఒక మందుల షాపు పైన మేడ గది. అక్కడ కూర్చునే ఆవిడ నాకంటే బాగా చిన్నది. మాటను బట్టి కృష్ణా జిల్లా అని తెలుస్తూనే ఉంది. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి కళ్లు మూసుకోమంది.

"మీరొక నది ఒడ్డున కూర్చున్నారు. నీళ్లు మెల్లగా పారుతున్నాయి. మీ ఆలోచనల్ని ఒక్కొక్కటే ఆకు మీద పెట్టి నీళ్లలో వదిలేయండి" అంది.

"ఏ నది మేడమ్?" అన్నాను.

"ఏదైనా. మీకు తెలిసిన నది."

నాకు తెలిసింది స్వర్ణముఖి. ఆవిడ కళ్లు మూసుకుంటే కృష్ణ నిండుగా పారుతుంది కాబోలు. నేను కళ్లు మూసుకుంటే ఇసుక, తుమ్మచెట్లు, ఇసుక ట్రాక్టర్లు. ఆకు మీద ఆలోచన పెడితే ఎక్కడ పెట్టింది అక్కడే ఉంటుంది. ఎండకు ఎండి ఇంకా గట్టిపడుతుంది. అదే చెప్పాను. ఆవిడ పాపం నవ్వాలో వద్దో తెలియక పుస్తకం సర్దుకుంది.

తర్వాతి వారం నా మనసు ఆకాశమట, ఆలోచనలు మబ్బులట. ఇంకోసారి నా బాధ నేను మోస్తున్న బరువైన సంచి అట. దించేయాలట. నాకు చిరాకేసింది. ఎందుకంటే పోలికలంటే నాకు చిన్నప్పటి నుంచీ గిట్టదు. మా ఇంట్లో నన్ను కట్టేసింది తాడుతో కాదు, పోలికలతోనే. "మా బిడ్డ ఆవు లాంటిది" అనేవాళ్లు. నేనేం ఆవును? పాలిచ్చానా, గడ్డి తిన్నానా? "ఆడపిల్లకు భూదేవంత ఓర్పుండాల" అనేది అమ్మ. భూదేవి కూడా ఓర్చుకోలేక అప్పుడప్పుడూ కదులుతుందని పాఠంలో చదువుకున్నాక ఇంటికొచ్చి అడిగితే, "గమ్మునుండు" అంది. ఎదుటివాడు తయారుచేసి నీ నెత్తిన పెట్టే పోలికంత చెడ్డది ఇంకోటి లేదు. కిరీటమని పెడతాడు, అది గంపని తెలిసేలోపు మెడ వంగిపోతుంది.

ఇదంతా ఆవిడకు చెప్పలేదు. ఊరికే తలాడిస్తూ వచ్చాను. తలాడించడం నాకు బాగా వచ్చిన పని.

చివరికి ఒకరోజు ఆవిడ అంది, "మీరొక ప్రెషర్ కుక్కర్ లాగా ఉన్నారు. లోపల ఆవిరి పెరిగిపోతోంది, విజిల్ రానివ్వడం లేదు."

అప్పుడు వచ్చింది కోపం. "మీకు వంటే రాదు, పోలికా రాదు మేడమ్" అన్నాను. జీవితంలో ఎవరినీ అంతమాట అనలేదు. అయినా ఆగలేదు. "ఉడికేది నేను కాదు. ఉడికేవాళ్లు వేరే. పొంగడమంటే ఏందో మీకు తెలీదు. నేను చెప్తా, వినండి."

ఆవిడ పుస్తకం మూసి పక్కన పెట్టింది. ఆ ఒక్క పనికి ఆవిడకు దండం పెట్టాలి.

మాది ఐరాల పక్క పల్లె. చెరకు పండే ఊరు. మా ఇంటి వెనకే గానుగ, దాని పక్కనే బెల్లం వండే పొయ్యి ఉండేవి. పొయ్యి అంటే భూమిలో తవ్విన గొయ్యి. దాని మీద నలుగురు మనుషులు పడుకునేంత ఇనుప పెనం. గానుగలో పిండిన రసం అందులో పోస్తారు. ఎండబెట్టిన చెరకు పిప్పి పొయ్యిలోకి తోస్తూ ఉంటే మంట బుసకొడుతుంది. మా నాయన పొడుగు గరిటె పట్టుకుని పెనం పక్కన నిలబడతాడు. ఆ పక్కన ఎవరూ మాట్లాడకూడదు. పాకం ముదిరిందా, లేతగా ఉందా అన్నది ఆయన కంటికే తెలియాలి. రసం మరిగి మరిగి ఒకచోటికి వచ్చేసరికి నురగ లేస్తుంది. పాలు పొంగినట్టు కాదు, పెనం అంచు దాటి మనిషి మీదికి వచ్చేటట్టు లేస్తుంది. పొంగిందా, ఆ పూట రసం మట్టిపాలే.

ఆ పొంగు ఆపడం నా పని. పెనం పక్కన ఒక రాయి ఉండేది. నేను దాని మీద నిలబడేదాన్ని. ఒక చేతిలో కొబ్బరిచిప్ప నిండా ఆముదం, ఇంకో చేతిలో వేపరెబ్బ. నాయన "మేయ్, పొంగొస్తాండాది, ఆముదం!" అని అరుస్తాడు. రెబ్బ ముంచి చిలకరిస్తే చాలు, అంతెత్తు లేచిన నురగ నెత్తిన మొట్టికాయ పడినట్టు కూర్చుంటుంది. చూసేవాళ్లకు వింతగా ఉండేది. "చిన్నదాని చేతిలో ఏముందో చూడండప్పా" అని ఊళ్లోవాళ్లు నవ్వేవాళ్లు. నాకు గర్వంగా ఉండేది.

"అదీ మేడమ్ పొంగడమంటే" అని ముగించాను, గెలిచినట్టు.

ఆవిడ కుర్చీ ముందుకు జరుపుకుంది. తర్వాత అడిగింది, "ఆముదం వేస్తే మంట తగ్గుతుందా?"

ఎంత తెలివితక్కువ ప్రశ్న అనుకున్నాను. "మంటెందుకు తగ్గుతుంది? మంట కింద పొయ్యిలో ఉండాది. ఆముదం పైన కదా ఏసేది. నురగ ఒకటే అణుగుతుంది. కొంచేపటికి మళ్లా పొంగుతుంది. మళ్లా ఏస్తాము."

"మరి ఆ ఆముదం ఏమవుతుంది?"

"ఏమవుతుంది, పాకంలో కలిసిపోతుంది. బెల్లం తినేవానికి ఆముదం ఏసినారని కూడా తెలీదు."

ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. వచ్చాక నోరు అట్లాగే ఉండిపోయింది. పైన ఫ్యాను తిరుగుతోంది. కింద మందుల షాపులో ఎవరో దగ్గు మందు అడుగుతున్నారు.

ఆవిడ మొదటిరోజే "మీ నాయన కోపిష్టి, మీ ఇంట్లోవాళ్లు మిమ్మల్ని వాడుకున్నారు" అని ఉంటే అదే నిమిషంలో మెట్లు దిగి వచ్చేసేదాన్ని. మా నాయన్ను పరాయివాళ్లు ఒక్క మాటంటే ఊరుకునే రకం కాదు నేను. కానీ పెనాన్ని ఏమన్నా ఎవరికీ పౌరుషం రాదు. పెనం సంగతి కదా అని ధైర్యంగా చెప్పుకుంటూ పోయాను. చెప్పేది అయిపోయేసరికి రాయి మీద ఒక ఆడపిల్ల నిలబడి కనబడింది. గానుగ ఏనాడో పీకేశారు. పొయ్యి పూడ్చేసి అక్కడ గొడ్లపాక కట్టారు. ఆ పిల్లను మాత్రం ఎవరూ దిగమనలేదు.

మా నాయనకు కోపం వస్తే కంచాలు ఎగురుతాయి. చేతికేది దొరికితే అది. నీళ్లబిందె, గొడ్డలి కామ, అన్న సైకిలు. కూరలో ఉప్పు చాలకపోయినా అంతే, కరెంటు పోయి మోటారు ఆగిపోయినా అంతే. అప్పుడు అమ్మ ఒక పని చేసేది. చెంబులోంచి గ్లాసులోకి మజ్జిగ వంచి, ఉప్పు వేసి, నా చేతికిచ్చి వెనకనుంచి తోసేది. "పోమ్మే, నువ్వు పోతే ఇంటాడు." నేను నవ్వుముఖం పెట్టుకుని వెళ్లేదాన్ని. ఏదో ఒక వెర్రి మాట చెప్పేదాన్ని. ఆయన గ్లాసు అందుకునేవాడు. తాగేవాడు. మీసాలు తుడుచుకుని నవ్వేవాడు. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుని అన్నాలకు కూర్చునేవాళ్లు. నా కాళ్లు వణుకుతున్నాయని ఎవరూ చూడలేదు. చూడాల్సిన పనేముంది, నురగ దిగింది కదా.

బడిలో ఉంటే అన్న సైకిలేసుకుని వచ్చి టీచరుకు చెప్పి నన్ను తీసుకుపోయేవాడు. వాడు నాకంటే పెద్దవాడు, మగవాడు, నాయన ఎదురుగా నిలబడి "చాల్లే" అనడానికి వాడికి నోరు లేదు. నన్ను వెనక సీట్లో కూర్చోబెట్టుకుని తొక్కడానికి కాళ్లు మాత్రం ఉన్నాయి. పెళ్లయ్యాక సైకిలు పోయి ఫోను వచ్చింది. బస్సులో టికెట్లు కొడుతూ చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని, "నాయనకియ్యి" అని, ఆయన్ను నవ్వించి, మళ్లీ "పాకాల, పాకాల దిగేవాళ్లు" అని అరిచిన రోజులు ఎన్నో. ఇంట్లోనే కాదు, చుట్టాలందరిలో నన్ను మెచ్చుకునేవాళ్లు. "ఆ బిడ్డ ఉంటే ఇంట్లో గొంతు లేవదు." అబద్ధం. గొంతు లేస్తూనే ఉంది. ఇన్నేళ్లలో ఒక్కరోజైనా ఆయన కోపం తగ్గలేదు. తగ్గించుకోవాల్సిన అవసరం ఆయనకు ఎవరూ కల్పించలేదు. ఒక్కరంటే ఒక్కరు కిందికి వంగి పొయ్యిలోంచి పిప్పి బయటికి లాగలేదు. అన్న లాగలేదు, అమ్మ లాగలేదు, అరుగుల మీద కూర్చుని న్యాయాలు చెప్పే మా ఊరి పెద్దలూ లాగలేదు. లాగితే చెయ్యి కాలుతుంది. చుక్క వేస్తే పోయేదేముంది!

ఇట్లాంటివి తెలిస్తే మనసు తేలికపడుతుందని జనం అంటారు. నాకు తేలికపడలేదు. ఆ మేడ మెట్లు దిగేటప్పుడు వచ్చినంత కోపం నాకు పుట్టి బుద్ధెరిగాక రాలేదు. రోడ్డు మీద అడ్డంగా నిలబడిన ఆటోవాణ్ని తిట్టాను. మరుసటి రోజు ఆడవాళ్ల సీట్లో కూర్చుని నిద్ర నటిస్తున్న పెద్దమనిషిని "లెయ్ పైకి" అన్నాను. ఆ గొంతుకు డ్రైవరు బ్రేకు వేసి వెనక్కి తిరిగి చూశాడు. విచిత్రం ఏమిటంటే ఆ వారమంతా పొద్దున లేస్తే ఎప్పుడూ ఉండే దవడ నొప్పి లేదు. మా ఆయన గోడ పక్కకు తిరగడం మానేశాడు.

ఆవిడ మాత్రం రుచి మరిగింది. తర్వాత వెళ్లినప్పుడు, "మరి మీ జీవితంలో బెల్లం ఏమిటంటారు? గరిటె ఎవరు? గానుగ దేనికి గుర్తు?" అని మొదలుపెట్టింది. "చెరకు తీపని వేళ్లదాకా నమలకూడదు మేడమ్" అన్నాను. ఆవిడ గట్టిగా నవ్వేసింది. అందుకే మళ్లీ మళ్లీ వెళ్లాను. తప్పు పోలిక తెచ్చినా తప్పని ఒప్పుకునే మనిషి దొరకడం కష్టం. ఆవిడ కుక్కరు తేకపోయి ఉంటే నా పెనం నాకు గుర్తొచ్చేది కాదు కూడా.

ఇదంతా మామిడికాయల కాలంలో. మా అన్న కూతురు ఇంటరు ముగించి తిరుపతిలో డిగ్రీ సీటు తెచ్చుకుంది. నా దగ్గరే ఉండి చదువుకుంటానని ఎగిరి గంతేసిన పిల్ల. చేరాల్సిన రోజు దగ్గరికొచ్చింది. నా బస్సు చంద్రగిరి దాటుతుండగా ఫోను చేసింది.

"అత్తా, నేను రానులే. ఈడే చిత్తూరులో ఏదో ఒకటి చేరతాను. పోయిరావచ్చు."

"ఎందుకు పాపా? ఎవరైనా వద్దన్నారా?"

"ఎవరూ అనలేదు. నేను వచ్చేస్తే ఈడ తాతకు చెప్పేవాళ్లు ఎవరుండారు? నేను చెప్తేనే ఇంటాడు. నువ్వు కూడా ఈ మధ్య ఫోన్ ఎత్తడం లేదంట కదా, జేజి చెప్పింది."

వాళ్ల జేజి, అంటే మా అమ్మ, చెప్పింది నిజమే. నేను ఫోను ఎత్తడం మానేశాను. నేను రాయి దిగితే ఆ రాయి ఖాళీగా ఉంటుందనుకున్నాను. ఖాళీగా ఎట్లా ఉంచుతారు? ఇంకో పిల్లను ఎక్కించారు. ఆ పిల్లకు కూడా గర్వంగానే ఉండి ఉంటుంది. సెలవు పెట్టి మరుసటి రోజే ఐరాల బస్సెక్కాను.

నేను వెళ్లేసరికి వాకిట్లో రభస జరుగుతోంది. తోతాపురి మామిడికాయల ట్రాక్టరు గుజ్జు ఫ్యాక్టరీ ముందు వరసలో నిలబడి నిలబడి, కాయలు మెత్తబడిపోయి, అన్న సగం లోడు వెనక్కి తెచ్చాడు. నాయన కాయలు తీసి ఒక్కొక్కటే అన్న కాళ్ల దగ్గర పగలగొడుతున్నాడు. "నీ పుటక మీద మన్నుబొయ్యా! తెల్లారుజామున పోరా అంటే పోయినావా? యాడ పండుకోనుంటివి?" అన్న తల వంచుకుని నిలబడ్డాడు, అదే మనిషి, నెత్తిన కాస్త నెరిసింది అంతే. వదిన తలుపు వెనక ఉంది, పాప గడప మీద నిలబడి ఉంది. నాయనకు ఈ వయసులోనూ గొంతు తగ్గలేదు.

అమ్మ నన్ను చూడగానే దేవుడొచ్చినట్టు లోపలికి పరిగెత్తింది. గ్లాసులో మజ్జిగ తెచ్చింది. నేను అరుగు మీద కూర్చుని చెప్పులు విప్పుకుంటున్నాను. నా ముందు గ్లాసు చాపింది. నేను చెయ్యి చాపలేదు. అమ్మకు అర్థం కాలేదు. ఇంకా కొంచెం ముందుకు చాపింది. నేను చూస్తూ కూర్చున్నాను. అప్పుడు అమ్మ ఇంక ఆలోచించలేదు. పక్కకు తిరిగి పాప చేతికిచ్చింది. "బిన్నా పోమ్మే, ఆలస్యం చెయ్యొద్దు. నువ్వు పోతే ఇంటాడు."

పాప గ్లాసు పట్టుకుంది. ముఖానికి నవ్వు పెట్టుకుంది. ఆ నవ్వు నాకు తెలుసు. పెదాలు మాత్రమే పైకి లేస్తాయి, దవడ బిగుసుకుని ఉంటుంది. ఆ పిల్ల దవడ దగ్గర చిన్న కండ కదిలింది. నా పళ్లు జివ్వుమన్నాయి.

లేచి వెళ్లి పాప చేతిలోంచి గ్లాసు తీసుకున్నాను. అక్కడే, వాకిలి మధ్యలో నిలబడి, ఎత్తిపెట్టుకుని మొత్తం తాగేశాను. అమ్మ కంగారులో ఉప్పు ఎక్కువేసింది. ఖాళీ గ్లాసు తిరిగి అమ్మ చేతిలో పెట్టాను.

నాయన చేతిలో కాయ చేతిలోనే ఆగింది. "ఏమ్మే, అది నాకు కదా తెచ్చింది?"

"నీకు దప్పికైతే వంటింట్లో మజ్జిగ చట్టి ఉండాది నాయనా. పోయి వంచుకోని తాగు. ఇంక ఈ ఇంట్లో ఆడపిల్లలెవరూ నీకు మజ్జిగ తీసుకోని రారు."

అప్పుడు పొంగింది చూడండి. నన్ను, నా ఉద్యోగాన్ని, మా ఆయన్ను, నన్ను కన్నందుకు అమ్మను, ఎవరినీ వదల్లేదు. పక్కిళ్ల వాళ్లు గోడల మీదినుంచి చూస్తున్నారు. పొంగి మట్టిపాలైతే కానీ, ఎంత నష్టమో పెనం పెట్టినవాడికి తెలియదు. నాకు కాళ్లు వణకలేదని చెప్పను. వణికాయి. కానీ ఈసారి నవ్వలేదు.

పాప నా కొంగు పట్టుకుని లాగింది. "అత్తా, తాత ఇంకా అరస్తానే ఉండాడు. ఏమన్నా చెప్పత్తా."

"అరవనీ" అన్నాను. "ఆయన గొంతు, ఆయన ఓపిక. నువ్వు పోయి బట్టలు సర్దుకో. నాలుగు గంటలకు బస్సుండాది."

పాప కదల్లేదు. తాత వైపు చూసింది, జేజి వైపు చూసింది, ఖాళీ గ్లాసు వైపు చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత లోపలికి వెళ్లింది. ఆయన అరుపుల మధ్యలో బ్యాగు జిప్పు లాగిన చప్పుడు నాకు స్పష్టంగా వినబడింది.